అందరూ తిన్నాక మిగిలింది

మా మనవరాలికి ఐదేళ్లు. కాకరకాయ వేపుడు పెడితే ఇంకాస్త వెయ్యమంటుంది. దాని నాన్న, అంటే మా పెద్దవాడు, నలభై దాటినా కాకర ముక్కను కంచం అంచుకు నెట్టేసి చారు కోసం చూస్తాడు. ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. తండ్రికి గిట్టని చేదు కూతురికి ఎలా నచ్చింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. జవాబు వెతుక్కుంటూ పోతే అది చివరికి నా కంచం దగ్గరికే వచ్చి ఆగింది.

నేను మార్కాపురం వైపు పల్లెల్లో 1979 నుంచి 34 ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేశాను. ఊళ్లో అందరికీ నర్సమ్మనే. చూలాళ్లకూ బాలింతలకూ ఏం తినాలో చెప్పడం నా ఉద్యోగం. అందరికీ చెప్పాను, నేను మాత్రం తినలేదు. చెప్పినవాటిలో కొన్ని తప్పులున్నాయి. చెప్పాల్సి ఉండీ నోరు మెదపనివి అంతకన్నా ఎక్కువ. డెబ్బై దాటిన నా మాట కడుపుతో ఉన్న అమ్మాయిలూ, వాళ్ల ఇంటివాళ్లూ ఇంకా వింటారన్న ఆశతో ఇవి రాస్తున్నాను.

1. బిడ్డకు రుచి తెలిసేది అన్నప్రాసన కంటే చాలా ముందు.

మూడో నెల దాటేసరికి కడుపులో బిడ్డ ఉమ్మనీటిని గుటకలు వేయడం మొదలుపెడుతుంది. అమ్మ తిన్న వెల్లుల్లి వాసన, కూరల వాసన ఆ నీటికీ అంటుతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మొనెల్ పరిశోధన కేంద్రం వాళ్లు దీన్ని ఓ చిన్న ప్రయోగంతో చూపించారు. కొందరు తల్లుల చేత చివరి నెలల్లో వారానికి 4 రోజుల చొప్పున 3 వారాలు క్యారెట్ రసం తాగించారు. మరికొందరి చేత పాలిచ్చే రోజుల్లో తాగించారు. ఇంకొందరికి మంచినీళ్లే. పిల్లలకు ఉగ్గు మొదలుపెట్టే వేళ క్యారెట్ కలిపి పెడితే, మొదటి రెండు గుంపుల పిల్లలు తక్కువగా ముఖం చిట్లించారు. 2001లో అచ్చయిన ఈ సంగతి నాకు తెలిసేనాటికి నా పిల్లలిద్దరూ పెద్దవాళ్లయిపోయారు.

1981లో పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు మా అత్తగారి దగ్గర పొడవాటి పట్టీ ఉండేది. వంకాయ తింటే బిడ్డకు దురద. గుమ్మడి వాతం. కాకర వేడి. ఆకుకూర తింటే కడుపు జారుతుంది. బొప్పాయి పేరెత్తితే ఇల్లు ఎగిరిపోయేది. పచ్చి బొప్పాయి జోలికి పోవద్దనడంలో కాస్త అర్థముంది, తక్కినవాటికి ఆధారం లేదు. “ఈ తొమ్మిది నెలలూ నోరు కట్టుకోవే అమ్మాయ్” అనేది. కట్టుకున్నాను. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని పక్క ఊరికి పోయి “తోటకూర తినండమ్మా” అని చెప్పి, మధ్యాహ్నం ఇంటికొచ్చి చారన్నం తినేదాన్ని. మావాడికి చారన్నమంటే ఇప్పటికీ ప్రాణం. మా కోడలిది ఏదీ వదలని పుట్టిల్లు. కడుపుతో ఉండగా కాకరా తిన్నది, మునగాకూ తిన్నది. ఒక ఇంటి ముచ్చట శాస్త్రానికి రుజువు కాదని నాకూ తెలుసు. ఏ బిడ్డయినా పుట్టుకతో తీపికి పెదవులు చప్పరిస్తుంది, చేదుకు ముఖం ముడుస్తుంది. ఆ చేదు మనవరాలికి పాత చుట్టంలా వచ్చింది, మావాడికి పరాయిదానిలా వచ్చింది. అంతే నేననేది.

2. బిడ్డ చిన్నదైతే కాన్పు సులువు అనుకునే ఇల్లు అప్పు చేస్తోంది, తీర్చేది ఆ బిడ్డ.

ఈ మాట నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ విన్నాను. ఎక్కువ తింటే బిడ్డ బలిసిపోతుంది, కాన్పు కష్టమవుతుంది, అందుకని ఎనిమిదో నెల నుంచీ అన్నం తగ్గించాలి. ఒక ఇంట్లో పద్దెనిమిదేళ్ల పిల్ల అలాగే సగం కడుపుతో కన్నది. స్ప్రింగు త్రాసు కొక్కేనికి గుడ్డ ఉయ్యాల కట్టి పిల్లను అందులో పడుకోబెట్టాను. ముల్లు రెండు కిలోల గీత దాకా కూడా రాలేదు. అమ్మమ్మ ముఖంలో మాత్రం వెలుగు. “చూశావా నర్సమ్మా, గంటలో పురుడు పోసుకుంది!” నేను రిజిస్టర్లో 1.9 అని రాసుకుని, వెచ్చగా ఉంచండి, రొమ్ముపాలు పట్టండి అని చెప్పి సైకిలెక్కాను. రెండున్నర కిలోలకు తక్కువైతే ఎందుకు ప్రమాదమో ఆ అరుగు మీద కూర్చుని పావుగంట చెప్పి ఉంటే, ఆ ఇంట్లో తరవాతి కాన్పయినా మారేదేమో.

తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు పెద్దయ్యాక గుండెజబ్బు, మధుమేహం ఎక్కువగా వస్తున్నాయని ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు పాత జనన రికార్డులు తిరగేసి చెప్పాడు. మన దేశంలో పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి చుట్టుపక్కల పల్లెల్లోని తల్లులనూ పిల్లలనూ వెంటబెట్టుకుని చూస్తూ వచ్చింది. అక్కడి పిల్లలు సగటున 2.7 కిలోలతో పుట్టారు. చూడటానికి బక్కపలచన, లోపల కండ తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. ఆకుకూరలు, పళ్లు తరచుగా తిన్న తల్లుల బిడ్డలు మెరుగ్గా ఉన్నారని కూడా వాళ్లే గమనించారు. ఆ 1.9 కిలోల పిల్ల మొన్నామధ్య బస్టాండులో కనిపించి కాళ్లకు దణ్ణం పెట్టింది. నలభై నిండలేదు, సంచిలో షుగర్ బిళ్లలున్నాయి. కారణం అదొక్కటే అనను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

3. మందుబిళ్ల చేతిలో పడటం వేరు, కడుపులో పడటం వేరు.

ఒకామె చెంగు ముడిలో ఎప్పుడూ బలపాలుండేవి. నేను చూడనప్పుడు పటుక్కున కొరికేది. తొలకరికి తడిసిన మట్టిగోడ దగ్గర నిలబడి గోటితో పెళ్ల గీరి నోట్లో వేసుకోవడం కూడా చూశాను. “సిగ్గులేదూ, చిన్నపిల్లలాగా!” అని నలుగురిలో కసిరాను. ఆ తరవాత నన్ను చూస్తే ఇంట్లోకి వెళ్లిపోయేది. కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది, అది నాకు తెలుసు. మట్టి మీదా బలపం మీదా బియ్యం మీదా మనసు పోవడం చాలాసార్లు ఒంట్లో ఇనుము అడుగంటిందనడానికి గుర్తని కూడా శిక్షణలో చెప్పారు. తెలిసీ కసిరాను. రోగాన్ని కసిరితే పోతుందా? మనిషి దూరమైంది.

ఆమెకు నేనిచ్చిన ఐరన్ బిళ్లలు పొట్లాలకు పొట్లాలు చూరులో దొరికాయి. వేసుకుంటే వికారం, విరేచనం నల్లగా వస్తుంది, బిడ్డ నల్లగా పుడుతుందని భయం. ఇవేవీ నేను అడగలేదు. నూరు బిళ్లలు పంచినట్టు లెక్క చూపించాను. ఇప్పుడు ప్రభుత్వం కడుపుతో ఉండగా 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ఇస్తోంది. బిళ్ల వేసుకుని వెంటనే టీ తాగితే సగం ఫలం టీపాలే. కాల్షియం బిళ్లతో కలిపి వేసుకోకూడదు. కాస్త నిమ్మరసమో ఉసిరో తోడైతే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. బిడ్డ పుట్టిన మొదటి ఆరు నెలలూ వాడుకునే ఇనుము చాలావరకు తల్లి కడుపులో ఉండగా దాచుకున్నదే. తల్లి గాదె ఖాళీగా ఉంటే బిడ్డ మూట ఎక్కడ నిండుతుంది?

4. నెల తప్పాక మొదలుపెట్టే జాగ్రత్త ఒక నెల ఆలస్యం.

బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ చాలకపోతే అక్కడే లోపం రావచ్చు. ముందునుంచీ ఆ బిళ్ల వేసుకుంటే ఈ లోపాలు బాగా తగ్గుతాయని 1991లోనే తేలింది. ఆ 28 రోజులు గడిచేనాటికి చాలామంది అమ్మాయిలకు తాము నీళ్లోసుకున్న సంగతే తెలియదు. నేను మూడో నెలలో పేరు రాసుకునేదాన్ని, అదే తొందరగా రాసుకున్నట్టు గర్వపడేదాన్ని. పెళ్లికి పట్టుచీర కొనేటప్పుడే పిల్ల రక్తం కూడా పరీక్ష చేయించండి. ఆ చీర ఖరీదులో అదెంత?

5. ఇద్దరి కోసం తినడమంటే ఇద్దరి తిండి తినడం కాదు.

నా నోరు కట్టేసిన బాధ మా అమ్మాయి కాన్పప్పుడు ఎదురు తిరిగింది. అది హైదరాబాదు నుంచి ఐదో నెలలో వచ్చింది. చలిమిడి, సున్నుండలు, అరిసెలు, గడ్డపెరుగు, నెయ్యి. “చాలమ్మా” అన్నా వినకుండా పెట్టాను. పక్క మీంచి లేవనివ్వలేదు. ఆరో నెల దాటాక పరీక్షలో షుగర్ బయటపడింది, చివరి రెండు నెలలూ ఇన్సులిన్. ఈ జబ్బు తిండి వల్లనే వస్తుందనడానికి లేదు. మా ఇంటి రక్తంలోనే ఉంది. తెలిసిన నర్సమ్మగా నేను దానికి గోడవ్వాల్సింది పోయి తలుపు తీశాను. తల్లికి గర్భంలో షుగర్ ఉంటే ఆ బిడ్డకు పెద్దయ్యాక ఊబకాయం, మధుమేహం వచ్చే అవకాశం పెరుగుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసింది 350 కేలరీలు. అంటే ఒక రొట్టె, ఓ గిన్నెడు పప్పు, ఓ గ్లాసు పాలు. పాలిచ్చే మొదటి ఆరు నెలల్లో మాత్రం 600 దాకా కావాలి. మన ఇళ్లలో జరిగేది తలకిందులు. సీమంతం దాకా ముద్దు చేసి, పురుడు కాగానే పథ్యమని కడుపు మాడుస్తాం.

6. పెద్దల పథ్యాన్ని పారబోయకండి, చేటలో పోసి చెరగండి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నాకు పథ్యమంటే ఒట్టి మూఢత్వం. ఒక ముసలమ్మ బాలింతకు వెల్లుల్లి కారం నేతితో కలిపి పెడుతుంటే “ఆ కంపుకు బిడ్డ పాలు కూడా తాగదు” అని నవ్వాను. ఆమె తగ్గలేదు. “తాగుతుందిలే అమ్మాయ్, చూద్దువు” అంది. వెల్లుల్లి తిన్న రెండు గంటలకు ఆ వాసన తల్లిపాలలో బాగా తెలుస్తుందని, పిల్లలు రొమ్మును వదలక ఇంకాసేపు పట్టుకుంటారని 1991లో పరిశోధకులు రాశారు. ముసలమ్మ గెలిచింది. తల్లిపాల రుచి పూటపూటకూ మారుతుంది. అమ్మ పప్పు తింటే ఒకలా, మెంతికూర తింటే ఒకలా. పాలతోపాటు ఇంటి వంట కూడా బిడ్డకు కొద్దికొద్దిగా పరిచయమవుతుంటుంది. డబ్బాపాలకు పొద్దున్నా రాత్రీ ఒకటే రుచి. నేను సెలవు అయిపోగానే రెండోబిడ్డకు సీసా అలవాటు చేసి డ్యూటీకి పరుగెత్తాను, అందుకే ఇంత ఖచ్చితంగా చెబుతున్నాను. పాలు చాలని తల్లులు దీనికి కుమిలిపోనక్కర్లేదు. ఆరో నెల నిండాక ఓపికగా రకరకాల రుచులు చూపిస్తే ఆ లోటు చాలావరకు పూడుతుంది.

చెరిగితే తాలు కూడా బోలెడు వస్తుంది. ముర్రుపాలు పిండి నేలపాలు చేసేవారు. బిడ్డ నోట్లో పంచదార నీళ్లో తేనో వేసేవారు. బాలింతకు పప్పు వద్దు, పండు వద్దు, ఆకుకూర వద్దు, మంచినీళ్లు కూడా కొలతే. పాలిచ్చే మనిషికి నీళ్లు కట్టడి చేయడం కంటే అన్యాయముందా? గంటలోపు బిడ్డను రొమ్ముకు పెట్టించడానికి నేను పోట్లాడాను, అందులో నాకు సంతృప్తి ఉంది. నీళ్ల చెంబు కోసం మాత్రం పోట్లాడలేదు.

7. పిల్లలు మన మాట వినే ముందు మన కంచం చూస్తారు.

మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు పొన్నగంటికూర తినమని బతిమాలుతున్నాను. కళ్లకు మంచిదంటున్నాను, బడిలో ఫస్టొస్తావంటున్నాను. అది నా చేతిలోకి చూసి అడిగింది: “నువ్వెప్పుడూ తినవుగా అమ్మా?” నిజమే. నేను కూర్చుని తినగా అది చూసిందెప్పుడు? మగవాళ్లయ్యాక, పిల్లలయ్యాక, అత్తగారయ్యాక, పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడి, కూర అడుగంటిన గిన్నెలోనే రెండు ముద్దల అన్నం వేసి తుడుచుకుని తినేదాన్ని. కూర చాలనిరోజు ఊరగాయ బద్ద, మజ్జిగ. కంచం కడిగే పని తగ్గిందని దానికో సమర్థింపు.

ఒక కూర మొదటిసారి ఉమ్మేసిన బిడ్డ ఎనిమిదోసారో పదోసారో దాన్ని మింగుతుంది. మనం మూడోసారికే “మావాడికి పడదు” అని ముద్ర వేసేస్తాం. బలవంతంగా ముక్కు మూసి పెడితే ఆ కూర మీద జన్మపగ. ఎదురుగా కూర్చుని మనం ఇష్టంగా తింటే వాళ్లే చెయ్యి చాస్తారు. నా మనవరాలు కాకరకాయ మొదట తీసుకున్నది వాళ్లమ్మ కంచంలోంచే.

అన్నిటికన్నా నన్ను కుంగదీసింది వేరే. క్రితం సంక్రాంతికి మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. పెద్ద ఉద్యోగం, పాలరాతి వంటిల్లు, ఆరుగురు కూర్చునే బల్ల. అందరికీ వడ్డించింది. తరవాత గట్టుకు ఆనుకుని నిలబడి మూకుడులోనే అన్నం కలుపుకుని తింటోంది. తలవంచి, ఎడమచేత్తో ఫోను చూసుకుంటూ, అచ్చం నాలాగే. నేనది దానికి ఏనాడూ నేర్పలేదనుకున్నాను. పదేళ్లు రోజుకు రెండుపూటలా నేర్పాను.

8. తల్లి ఏం తిన్నదని అడిగే ముందు ఆమెకు వడ్డించిందెవరో అడగండి.

ఇంతవరకూ చదివి, బిడ్డ ఏమైనా తప్పు తల్లిదేనన్నమాట అని మీరు అనుకుంటే నేను రాసింది దండగ. నా ఉద్యోగంలో పెద్ద పొరపాటు కూడా అదే. చెట్టు కింద చాప పరిచి ఆడవాళ్లనే కూర్చోబెట్టి చెప్పాను. కూరగాయలు తెచ్చే భర్తను పిలవలేదు. గరిటె పట్టుకున్న అత్తను పిలవలేదు. నా ఎదుట తలూపిన కోడలికి ఇంటికెళ్లాక గుడ్డు ఎవరిస్తారు? అంగన్‌వాడీలో ఇచ్చిన పిండి పొట్లం ఇంటికి చేరితే ఎనిమిది నోళ్లకు పంపకమయ్యేది. ఆమె వంతుకు గిన్నె అంచు మిగిలేది.

ఈ సంగతి నాకన్నా ముందు ఎవరికో తట్టింది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమృతహస్తం పథకం వచ్చింది. 2015 జనవరి 1న తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి మొదలైంది. గర్భిణి, బాలింత అంగన్‌వాడీకే వచ్చి అక్కడే కూర్చుని అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు తీసుకోవాలి. అందులోని తెలివి నాకు వెంటనే అర్థమైంది. అక్కడ ఆమె చివర తినదు, ఆమె కంచంలోకి ఎవరూ చెయ్యి పెట్టరు. నేను రిటైరయ్యే ఏడాది అమృతహస్తం బంతిలో ఒక చూలాలు గుడ్డు ఒలిచి, చుట్టూ చూసి, సగం కొంగున కట్టుకోబోయింది. “పెద్దపిల్ల ఉందమ్మా ఇంటి దగ్గర” అంది. పెద్దపిల్లకు వేరే గుడ్డు ఇప్పిస్తానన్నాక గానీ తినలేదు. తల్లికి తినమని చెబితే చాలదు, తిన్నందుకు తప్పు చేసినట్టు అనిపించని ఇల్లు కావాలి.

మా ఇంట్లో ఇప్పుడు కోడలు ముందు కూర్చుంటుంది. మొదట్లో మొహమాటపడింది, నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. వడ్డన మావాడిది. కాకరకాయ వాడు ఇంకా తినడు గానీ, వండటం నేర్చుకున్నాడు.

చదువుతున్న అబ్బాయిలూ, అత్తలూ, మామలూ, మీ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఆమెకు సలహాలు చెప్పకండి. రేపు ఆకుకూర కట్ట మీరు కొనుక్కురండి, మీరే కడిగి వండండి. అందరికన్నా ముందు ఆమె కంచంలో వెయ్యండి. ఆమె తింటున్నంతసేపూ పక్కన కూర్చోండి.